మొరం వాళ్ళ పాటకు మా జవాబు

రాక్ పాటల సీడీ మీదికి ఎక్కిన గొంతు మన ఊళ్ళో ఎవరిదని బీదర్ గంజ్ మార్కెట్లో ఎవరినైనా అడగండి. సంతపూర్ చంద్రప్పది అంటారు. ఆ చంద్రప్పను నేనే. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, ముప్పై ఆరేళ్ళు కందిపప్పు మిల్లులో పనిచేసి, డెబ్భై ఒకటో ఏట హైదరాబాద్ బ్యాండుకు పాటగాణ్ణయ్యాను. వాళ్ళలో పాడే పిల్లవాడు పోతే, ఆ ఖాళీని నింపింది నేనే. అందులోనూ ఆఖరి మాట నాది.

నా గొంతు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. వయసులో ఉండగా భాల్కి దగ్గర రైలు పట్టాల పక్క చేనులో ఎద్దుల్ని అదిలిస్తే, అటు పోతున్న ప్యాసింజర్ బండి ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగి వచ్చి బీడీ ముట్టించుకుని, "ఏం గొంతయ్యా నీది" అని పోయాడు. ఈ ముక్క రాస్తున్నప్పుడు మా ఇంటావిడ అంబమ్మ పక్కన లేదు. ఉంటే రాయనిచ్చేది కాదు.

ఇది రెండువేల ఆరో సంవత్సరం సంగతి. హైదరాబాద్ పాలకుండలా పొంగుతున్న కాలం. ఇక్కడినుంచి బస్సెక్కితే జహీరాబాద్ దాటిన దగ్గర్నుంచి పటాన్‌చెరు దాకా చేన్లలో పంటకన్నా సున్నం పూసిన హద్దురాళ్ళే ఎక్కువ కనిపించేవి. మా మిల్లు యజమాని కూడా పప్పు పట్టడం మానేసి ప్లాట్లు అమ్మడానికి పోయాడు. పోతూ పోతూ గంజ్ వెనకున్న గోదాం తాళం చెవి నా చేతిలో పెట్టాడు. ఎర్రరాతి గోడలు, రెండు మూరల మందం. లోపల ఎవరూ కొనని కందిపొట్టు సంచులు పైకప్పు ఎత్తున పేర్చి ఉండేవి. సోమవారం, ఏకాదశి మా భజన సంఘం అక్కడే కూర్చునేది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం మౌనశ్రీ వచ్చింది. మా గల్లీలోనే గది తీసుకుని ఉండేది. సిద్దిపేట దిక్కు పిల్ల, ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. అంతకుముందు రెండు నెలలుగా ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడగా నేను చూడలేదు.

"తాతా, గోదాం ఒకసారి చూపిస్తరా?"

"ఏం నింపుతవు బిడ్డా? కందులా, పెసర్లా?"

"పాటలు."

"అయితే నింపుకో. పాటలకు ఎలుకలు పట్టవు."

నవ్వలేదు. లోపలికి వచ్చి నడిమధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టింది. తల వంచి విన్నది. పొట్టు సంచులను చేత్తో తట్టింది. మళ్ళీ చప్పట కొట్టింది. "చప్పుడు మల్ల తిరిగి వస్తలేదు. ఇదే కావాలె" అన్నది. అప్పుడు అరుగు మీద కూర్చుని సంగతంతా చెప్పింది.

వాళ్ళది నలుగురు పిల్లల బ్యాండు. పేరు మొరం. రోడ్డు వేసేముందు, ఇల్లు కట్టేముందు పోసే ఎర్రమట్టి మొరం ఉంటుంది చూడండి, అదే. ఆ పేరు పెట్టింది మౌనశ్రీ అన్న ప్రణయ్. పాటలు రాసేదీ పాడేదీ అతనే. మౌనశ్రీ కీబోర్డు వాయించేది. దయానంద్ డ్రమ్ములు. శ్రీహరి గిటారు, రికార్డింగు మెషీన్లు అన్నీ చూసుకునేవాడు. మాదాపూర్‌లో గుట్ట పక్కన ఒక పాత ఇంట్లో సాధన చేసేవాళ్ళు. పెద్ద పెద్ద కంపెనీలు వచ్చి ఆ గుట్టను పగలగొట్టి, ఇంటిని కూలగొట్టి, అద్దాల మేడకు పునాది తీశాయి. ఆ నెలలోనే ప్రణయ్‌కి డెంగీ జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు. ఇరవై ఏడేళ్ళ పిల్లవాడు పోయాడు.

నేను అతని మొహం చూడలేదు. గొంతే తెలుసు.

ఆ గొంతుతోనే వచ్చింది చిక్కంతా. ఐదు పాటల ఆల్బమ్ మొదలుపెట్టి, ప్రణయ్ కచ్చాగా పాడి ఉంచాడు. అతనికి ఒక అలవాటు ఉండేదట. ఒక పంక్తి రాసేవాడు, దాని కింది పంక్తి ఖాళీగా వదిలేవాడు. పాడేటప్పుడూ అంతే. ఒక పంక్తి పాడి ఆగేవాడు. వాద్యం నడుస్తూ ఉండేది. కొంతసేపయ్యాక మూడో పంక్తి. "నడిమిట్ల మాటలు ఏవిరా" అని అడిగితే, "వస్తయి, తొందరేంది" అనేవాడట. రాలేదు. ఐదు పాటల్లో సగం మాటలున్నాయి, సగం ఖాళీలున్నాయి.

"శ్రీహరిని పూణె ఆఫీసుకు మార్చిన్రు తాతా. ఇంక నాలుగు ఆదివారాలే. గప్పటిదాంక అయితే అయినట్టు. కాకుంటే అన్న గొంతు ఆ కంప్యూటర్లనే ఉండిపోతది" అన్నది మౌనశ్రీ.

ఆదివారాలే ఎందుకంటే, మిగతా రోజుల్లో బీదర్ ఆకాశంలో వైమానిక దళం వాళ్ళ శిక్షణ విమానాలు తిరుగుతాయి. మాకు అలవాటే గాని మైకుకు కాదు కదా.

మొదటి ఆదివారం పొద్దున్న దయానంద్, శ్రీహరి సామాను దించుకున్నారు. నేను చాయ్ కేతిలీ పట్టుకుని పోయి గడపలో నిలబడి దగ్గాను. దయానంద్ తలుపు తీశాడు. వాడు హుషారు పిల్లవాడు.

"తలుపు కొట్టొచ్చు గదా తాతా. దగ్గుడెందుకు?"

"మా దిక్కు మగోడు గడపల నిలబడి దగ్గుతడు బిడ్డా. లోపలోళ్ళు ఎవరని అడగకముందే, నేనున్న అని చెప్పినట్టు."

"మా హైదరాబాద్‌ల దగ్గితే దవాఖానకు తీస్కపోతరు."

మీ పాటలను ఏమంటారని అడిగితే ప్రోగ్రెసివ్ రాక్ అన్నాడు. అంటే ఏమిటన్నాను.

"ఎట్ల చెప్పాలె తాతా. పాట తొమ్మిది నిమిషాలుంటది. నడుమల నడక మారుతది. ఒకపారి ఏడు లెక్క, ఒకపారి ఐదు లెక్క. వినేటోళ్ళకు చప్పట్లు కొట్టరాదు."

"గంతేనా? మా భజన మూడు గంటలుంటది. మాకే ఆపరాదు."

ఆ రోజు ఖాళీల్లో పెట్టడానికి శ్రీహరి మాటలు రాసుకొచ్చి తానే పాడాడు. నెమ్మదైన పిల్లవాడు, గొంతూ నెమ్మదే. విని, తానే తల అడ్డంగా ఊపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో ఆదివారం హైదరాబాద్ నుంచి ఒక పాటగాణ్ణి తీసుకొచ్చారు. అబ్బాయి చాలా బాగా పాడాడు. అంత బాగా పాడాడు గనకే మౌనశ్రీ బయటికి వచ్చి నల్లా దగ్గర నిలబడి చాలాసేపు మొహం కడుక్కున్నది. నీళ్ళు ఆగిపోయినా కడుక్కుంటూనే ఉన్నది.

"ఆయన మంచిగ పాడలేదా బిడ్డా?" అన్నాను.

"మంచిగనే పాడిండు తాతా. అన్న ఒక మాట అంటడు. కింది మాట ఎవరిదో వస్తది. అన్న మాటను పక్కకు జరిపి కూసున్నట్టుంది."

మూడో ఆదివారం నేను చాయ్ తీసుకుపోయేసరికి ముగ్గురూ మూడు సంచుల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ వాయించడం లేదు. మౌనశ్రీ తేల్చేసింది. అన్న గొంతు పూర్తిగా తీసేద్దాం, వాద్యాలు మాత్రమే ఉంచుదాం అన్నది. శ్రీహరి ఒప్పుకోలేదు, వద్దనలేదు కూడా. "ఈ పూటనే తీసెయ్. వచ్చే వారందాంక ఉంటే మల్ల మనసు మారుతది" అన్నది ఆ పిల్ల.

చనిపోయిన మనిషి మాట అలా ఒక వేలితో నొక్కితే పోతుందని అంతదాకా నాకు తెలియదు.

"తీసేసే ముందు ఒక్కపారి మావోళ్ళకు వినిపియ్ బిడ్డా. మూడు వారాల సంది వాళ్ళ జాగ మీకిచ్చి మా అరుగు మీద పాడుకుంటున్నరు. ఏం పాటకు ఇచ్చిన్రో వాళ్ళకు తెలవద్దా?"

మౌనశ్రీ సరేనన్నది.

మా భజన గురించి ఇక్కడ కొంత చెప్పాలి. ముందు ఒకరు మాట ఇస్తారు. వెనక మేమంతా ఆ మాటనే అందుకుంటాం. ముందువాళ్ళు కొత్తమాట ఇచ్చేదాకా వెనకవాళ్ళు ఆ మాటనే మోయాలి. దాన్ని విడిచిపెట్టకూడదు, సొంతమాట కలపకూడదు. అదొక్కటే మా కట్టుబాటు. ఒకసారి దుబల్గుండి ఊరి భజన సప్తాహంలో ముందు పాడుతున్న పెద్దాయన పూరీలు ఎక్కువై మాట ఇస్తూ ఇస్తూనే కునుకు తీశాడు. మేము ఏం చేయగలం? ఆ ఒక్క మాటనే పట్టుకుని మధ్యాహ్నం నుంచి పశువులు ఇళ్ళకు మళ్ళేదాకా తిప్పాం. ఆయన కళ్ళు తెరిచి తర్వాతి మాట అందుకున్నాడు. తాను నిద్రపోయిన సంగతి పాపం ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఇలాంటి మనుషులు ఏడుగురు వచ్చి గోదాంలో చాప మీద కూర్చున్నారు. గంజ్‌లో కూరగాయలు అమ్మే సుందరాబాయి, మా అందరిలో గొంతున్న మనిషి. బట్టలు కుట్టే మల్లప్ప, ఢోలక్ అతనిదే. మా అంబమ్మ. నేను. ఇంకా ముగ్గురు. శ్రీహరి పాట పెట్టాడు. పొద్దున డ్రమ్ముల కోసం పెట్టిన మైకు అలాగే ఉన్నది. రికార్డవుతోందని చెప్పే ఎర్రలైటు మెషీన్ మీద వెలుగుతూనే ఉన్నది. అది అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ముందు కీబోర్డు సన్నగా వచ్చింది. తర్వాత డ్రమ్ములు. దాని మీద ఆ పిల్లవాడి గొంతు. ఎండిన కట్టెలా గరుకుగా, కానీ ఎక్కడో తడి ఉన్న గొంతు.

"రాయి పగిలిన చోట ఎవరి నీడ కూలింది."

అని ఆగాడు. వాద్యం నడుస్తోంది. ఏడు లెక్క. మల్లప్ప వేళ్ళు పక్కనున్న సంచి మీద మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని కొట్టడం మొదలుపెట్టాయి. సుందరాబాయి నోరు తెరిచింది. ఆమె వెనక మేమంతా.

"రాయి పగిలిన చోట ఎవరి నీడ కూలింది."

శ్రీహరి పాట ఆపేశాడు.

"పెద్దమ్మా, ఇది వినేటందుకు పెట్టిన. పాడేటందుకు కాదు."

"తప్పయింది బాబూ. నోరు మూసుకుంటం, పెట్టు" అన్నది సుందరాబాయి.

మళ్ళీ పెట్టాడు. పిల్లవాడు మళ్ళీ ఆ మాట అన్నాడు. ఆగాడు. ఒకటి, రెండు, మూడు లెక్కల దాకా నిజంగానే అందరం నోళ్ళు బిగించుకున్నాం. నాలుగో లెక్కకు మళ్ళీ ఏడుగురమూ ఎత్తుకున్నాం. మల్లప్ప అయితే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని మరీ పాడాడు.

శ్రీహరికి మొదటిసారి కోపం రావడం చూశాను. "ఎందుకు పాడుతున్నరు మీరు? చెప్పిన గదా."

సుందరాబాయి బిక్కమొహం వేసింది. "ఎందుకంటే ఏం చెప్పాలె బాబూ. ముందటాయన మాటిచ్చి ఆగిండు. ఎనుక మేం కూసున్నం. మేం అందుకోకుంటే ఆయన ముందటికి ఎట్ల పోతడు?"

శ్రీహరి ఇంకేదో అనబోయాడు. మౌనశ్రీ సంచి మీదినుంచి లేచి నిలబడింది.

"మల్ల పెట్టు" అన్నది.

"మౌనా, వాళ్ళు మల్ల పాడుతరు."

"పాడనీ. మొదటి సంది పెట్టు. ఎక్కడా ఆపకు."

ఈసారి ఎవరూ మమ్మల్ని ఆపలేదు. పిల్లవాడు మాట ఇచ్చాడు, మేము అందుకున్నాం. మా మాట సరిగ్గా ముగిసేచోట అతని తర్వాతి మాట వచ్చింది. అంతసేపూ విని, సరే పదండి అన్నట్టుగా వచ్చింది. నాకు భజనలో అరవై ఏళ్ళ అనుభవం. నేను చెబుతున్నాను, వెనకవాళ్ళ కోసం అంత ఓపికగా ఆగే ముందుపాటగాణ్ణి నేను చూడలేదు. తొమ్మిది నిమిషాలూ అలాగే నడిచింది. నడక ఏడు నుంచి ఐదుకు మారినచోట మల్లప్ప ఒక్క క్షణం తడబడి, "హత్తేరి" అని తొడ చరుచుకుని పట్టుకున్నాడు.

పాట అయిపోయాక మౌనశ్రీ వచ్చి మా చాప అంచున కూర్చున్నది.

"ఇన్నొద్దులు అన్న ఆగినకాడల్ల ఏదో తెగిపోయినట్టుండె. ఇప్పుడు మాటిచ్చి మన దిక్కు చూస్తున్నట్టుంది" అన్నది.

"మంచిగుంది గని," అన్నాడు శ్రీహరి, "అవే మాటలు రెండుసార్లు అయితయి. ప్రణయ్ అక్కడ వేరే మాటలు రాద్దామనుకున్నడు."

"ఏం రాద్దామనుకున్నడో అన్నకే తెలవదు. నువ్వు రాస్తే నీ మాటలైతయి, నేను రాస్తే నావైతయి. వీళ్ళు అన్న మాట తప్ప ఇంకోటి కలుపుతలేరు."

దయానంద్ అప్పటికే మైకులు తెచ్చి మా ముందు నిలబెడుతున్నాడు.

ఇక్కడినుంచే నా గొంతు కథ మొదలవుతుంది. మొదట్లో ఒక మాట అన్నాను, గుర్తుంది కదా. ఖాళీని నింపింది నేనేనని. ఏమైందో చెబుతాను.

శ్రీహరి చెవులకు పెట్టుకునే డబ్బాలు పెట్టుకుని, మేము పాడింది విని, మొహం ముడుచుకున్నాడు. "మీలో ఒకరిది శ్రుతి కలుస్తలేదు" అన్నాడు.

అందరూ నా వంక చూశారు. నేను మల్లప్ప వంక చూశాను.

"అటెందుకు చూస్తవు?" అన్నది అంబమ్మ. "నలభై ఎనిమిదేండ్ల సంది చెప్తున్న. పెండ్లిల నలుగు పాట పాడితే బాజాలోళ్ళు ఆపుకున్నరు."

"నా గొంతుకు రైలు ఆగింది."

"అందుకే ఆగింది."

శ్రీహరి మంచి పిల్లవాడు, మొహం మీద అనలేడు. "తాతా, జర ఎనుకకు జరుగుతరా" అన్నాడు. ఒక సంచి వెనక్కి జరిగాను. "ఇంకొంచెం." ఇంకో రెండు సంచులు. గోడకు ఆనుకున్నాను. మళ్ళీ విన్నాడు. "తాతా, మీరు పాడుతున్నరా?" అన్నాడు. "పెదాలు మాత్రమే ఆడిస్తున్న" అన్నాను. "అవి గూడ ఆడియ్యకున్రి" అన్నాడు. ఆఖరుకు నా చేతిలోని భజన తాళాలు కూడా తీసుకుని, నాకు తలుపు బయట ఉద్యోగం ఇచ్చారు. గల్లీలో చప్పుడు కాకుండా చూడటం.

అది చిన్న ఉద్యోగమేమీ కాదు. మొదట కోళ్ళను తరిమాను. తర్వాత మైకు కట్టుకున్న ఆటో ఒకటి వచ్చింది. జహీరాబాద్ రోడ్డుకు ఆనుకుని ప్లాట్లు, బస్టాండు పక్కనే, బడి పక్కనే, గుడి పక్కనే అని అరుచుకుంటూ. లోపల రెండో పాట నడుస్తోంది. నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి, "మైకు బందు చెయ్, మూడు ప్లాట్లు కావాలె" అన్నాను. ఆటోలోని కుర్రాడు మైకు ఆపి, నక్షా తీసి నా ముందు పరిచాడు. నెమ్మదిగా మాట్లాడమన్నాను, గల్లీలో ఎవరైనా వింటే నాకన్నా ముందు కొనేస్తారని చెప్పాను. పాపం, గంటంబావు గుసగుసగా అమ్మాడు. తూర్పు దిక్కు ప్లాటా, ఉత్తరం దిక్కు ప్లాటా అని నేను ఇరవై సార్లు మనసు మార్చుకున్నాను. లోపల మూడో పాట కూడా అయిపోయిందని దయానంద్ తల బయటపెట్టి సైగ చేశాక, ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

అలా ఆ ఆదివారం మూడు పాటలు, ఆఖరి ఆదివారం నాలుగో పాట అయ్యాయి. నేను బయటే ఉన్నాను. ఐదో పాటకు మౌనశ్రీ బయటికి వచ్చింది.

"లోపలికి రా తాతా. ఇది ఆఖరిది. నువ్వు లేకుంటే ఎట్ల?"

"పాడొచ్చా?"

"వద్దు."

"మరెందుకు?"

"కూసోనికి."

వెళ్ళి అంబమ్మ పక్కన కూర్చున్నాను. ఐదో పాట నెమ్మదైన పాట. మిగతా పాటల్లో గుట్టలు పగలడం, మేడలు లేవడం ఉన్నాయి. ఇందులో ఒక మనిషి చీకటి సొరంగంలో నడుచుకుంటూ పోతాడు, అంతే. ఆఖరి మాట ఒక ప్రశ్న.

"ఎవరన్నా ఉన్నారా ఆవలి పక్క."

దాని తర్వాత పద్నాలుగు లెక్కల ఖాళీ ఉన్నది. అప్పుడు కీబోర్డు ఒక్క మెట్టు మోగి ఆగిపోతుంది. ఈ ఒక్కచోట మాత్రం అందుకోవద్దని మౌనశ్రీ చెప్పింది. "ఆఖరి మాట అన్నదే కావాలె. పెద్దమ్మా, మీకు దండం పెడ్త. ఈ ఒక్కపారి ఓర్చుకోన్రి."

ఓర్చుకోవడం మా సంఘం చేసిన పనులన్నిటిలో కష్టమైనది. సుందరాబాయి మూడు తమలపాకులు కలిపి నోట్లో కుక్కుకున్నది. మల్లప్ప తువ్వాల రెండు చుట్లు చుట్టుకున్నాడు. అంబమ్మ ముందుజాగ్రత్తగా నా తొడ గిల్లి పట్టుకున్నది.

పాట నడిచింది. ఒక్కొక్క మాటా పిల్లవాడు ఇచ్చాడు, ఆరుగురు అందుకున్నారు. ఆఖరి మాట వచ్చింది.

"ఎవరన్నా ఉన్నారా ఆవలి పక్క."

నిశ్శబ్దం. డ్రమ్ముల మీద దయానంద్ పుల్లతో లెక్క మాత్రం వేస్తున్నాడు. ఎవరూ ఊపిరి కూడా తీయడం లేదు. ఏడు లెక్కలు. ఎనిమిది, తొమ్మిది, పది.

అప్పుడు నాకు దగ్గు వచ్చింది.

ఒక్కటే దగ్గు. పొట్టు సంచుల మధ్య కూర్చుంటే దుమ్ము గొంతులో పడదా? కానీ అంత నిశ్శబ్దంలో అది ఎంత పెద్దగా వినిపించాలో అంత పెద్దగా వినిపించింది. కీబోర్డు మెట్టు మోగింది. పాట అయిపోయింది. అంబమ్మ గిల్లిన గుర్తు ఇంకా నా తొడ మీద ఉన్నది.

శ్రీహరి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పొట్టు దుమ్ము బాబూ" అన్నాను. "గొంతుల పడ్డది."

"పర్వాలేదు తాతా. కోసేస్త. కనపడకుండ కోసేస్త, ఒక్క నిమిషం" అని మెషీన్ మీదికి వంగాడు.

అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. ఏమిటా అని చూస్తే మౌనశ్రీ నవ్వుతోంది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. తర్వాత సంచి మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మూడు నెలలుగా మా గల్లీలో ఉన్న ఆ పిల్ల నవ్వు ఎట్లా ఉంటుందో మాకెవరికీ తెలియదు. గొంతు చిన్నదే గాని నవ్వు పెద్దది.

"కొయ్యకు" అన్నది.

"దగ్గునా?"

"ఉండనీ శ్రీహరీ. అన్న అడిగిండు గదా."

శ్రీహరి ఆమెను చూశాడు, నన్ను చూశాడు. మెషీన్ మీదినుంచి చెయ్యి తీసేశాడు. మర్నాడు పూణె బస్సెక్కాడు.

అదీ సంగతి. మొరం వాళ్ళ ఆల్బమ్‌లో ఉన్న నా గొంతు మొత్తం ఒక్క దగ్గు. అయినా ఆఖరి మాట నాదేనన్నది అబద్ధం కాదు. సీడీ అట్ట మీద మా అందరి పేర్లూ వేశారు. నా పేరు ఎదురుగా ఏం రాయాలో తెలియక దయానంద్ 'ఆవలి పక్క' అని రాశాడు.

సంక్రాంతీ శివరాత్రీ పోయి ఎండలు ముదిరాక సికింద్రాబాద్‌లో ఒక చిన్న హాలులో ఆ పాటలు వాయించారు. శ్రీహరి పూణె నుంచి వచ్చాడు. మేము ఏడుగురం బీదర్ నుంచి బస్సులో పోయాం. సీడీ విని, మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని వచ్చిన పిల్లలు నిండిపోయారు. వేదిక మీద ముగ్గురు వాయిస్తున్నారు. నడుమ ఒక మైకు, దాని ముందు ఎవరూ లేరు. వెనక చాప మీద మావాళ్ళు. నేను మాత్రం వేదిక కింద, ఎందుకో మీకు తెలుసు.

స్పీకరు డబ్బాలోంచి ప్రణయ్ గొంతు వచ్చింది. రాయి పగిలిన చోట ఎవరి నీడ కూలింది, అని ఆగింది. సుందరాబాయి నోరు తెరిచేలోపల హాలులో పిల్లలందరూ అందుకున్నారు. ఆ గుట్టల పక్కనుంచి రోజూ ఆఫీసుకు పోయే పిల్లలు. సుందరాబాయి తెరిచిన నోరు అలాగే ఉంచి వాళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. ఏడు లెక్కకు చప్పట్లు మాత్రం వాళ్ళకు రాలేదు, ప్రతిసారీ ఎనిమిదో చప్పట ఒకటి ఎక్కువ కొట్టారు.

ఆఖరి పాట ఆఖరి మాటకు హాలంతా నిశ్శబ్దమైంది. ఎవరన్నా ఉన్నారా ఆవలి పక్క. నేను ఈసారి బుద్ధిగా మూతి బిగించుకున్నాను. మూడో వరసలో ఎవరో పిల్లవాడు దగ్గాడు. వెనక ఇంకొకడు. తర్వాత ఒక ఆడపిల్ల. ఆనక ముప్పై మందో నలభై మందో, వేదిక మీద దయానంద్‌తో సహా. మౌనశ్రీ ఆ ఒక్క మెట్టు నొక్కడం మరిచిపోయింది. నమ్మకపోతే అంబమ్మను అడగండి, ఆమెకు అబద్ధాలు రావు.

మౌనశ్రీ ఇప్పుడు కొత్త పాటలు రాస్తోంది. ఆదివారాలు గోదాంలోనే కూర్చుంటుంది. తానే పాడుతుంది. ఒక పంక్తి రాస్తుంది, కింది పంక్తి ఖాళీగా వదిలేస్తుంది. అది మరిచిపోయి కాదు. పొద్దున్నే మా ఇంటికి వచ్చి, "సుందరాబాయి పెద్దమ్మ ఖాళీగున్నదా తాతా" అని అడుగుతుంది. నేను ఖాళీగా ఉన్నానా అని ఇంతవరకు అడగలేదు.

ఇంత చెప్పాక ఇందులో కల్పించింది ఏదని మీరు అడుగుతారు. రైలు అనుకుంటారు. కాదు, రైలు నిజంగానే ఆగింది. అక్కడ స్టేషన్ ఉన్నది. ప్లాట్ల ఆటో అనుకుంటారు. ఆ కుర్రాడు ఇప్పటికీ గంజ్‌లో కనిపిస్తే నక్షా తీస్తాడు. హాలులో దగ్గులు అక్షరాలా నిజం.

కల్పించింది పొట్టు దుమ్ము. ఆ ఆదివారం పొద్దున్నే అంబమ్మ గోదామంతా నీళ్ళు చల్లి ఊడ్చింది. సంచుల మీద తడిగుడ్డలు కప్పింది. దుమ్ము కణం లేదు. మెషీన్ మీద ఎర్రలైటును నేను చూస్తూనే ఉన్నాను. పిల్లవాడు అడిగి ఆగాడు. పది లెక్కల దాకా ఓర్చుకున్నాను.